మడ చెట్టు ఒంటరిగా ఉప్పును ఓర్చుకోవడం లేదు

హైదరాబాద్ సముద్రానికి చాలా దూరంగా, దక్కన్ పీఠభూమి మీద ఉన్న నగరం. అయినా ఈ నగరం తాగే నీటిలో పెద్ద భాగం కృష్ణా, గోదావరి నదుల నుంచే వస్తుంది. నగరం వాడి వదిలిన నీరు మూసీలో చేరి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఈ రెండు నదులూ బంగాళాఖాతాన్ని చేరే చోట మడ అడవులున్నాయి. ఎగువన ఎంత నీరు ఆగింది, దిగువకు ఎంత వెళ్లింది అన్నదాన్ని బట్టి ఆ అడవుల బురదలో ఉప్పు హెచ్చుతగ్గులవుతుంది. ఆ ఉప్పును మొక్కలు ఎలా తట్టుకుంటున్నాయన్న ప్రశ్నకు వృక్షశాస్త్రం చాలాకాలం మొక్కను మాత్రమే చూసి సమాధానం చెప్పింది. ఇటీవలి దశాబ్దాల పరిశోధన ఆ సమాధానం అసంపూర్ణమని చూపుతోంది. వేరు కణాల మధ్య, కాండంలో, ఆకు పొరల్లో నివసించే బాక్టీరియా, శిలీంధ్రాలు కూడా ఆ ఓర్పులో భాగం పంచుకుంటున్నాయి. అయితే ఎంత భాగం, ఏ పరిస్థితుల్లో, ఆ భాగస్వామ్యాన్ని వరి పొలానికి తరలించడం సాధ్యమేనా అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులు ప్రచారంలో వినిపించేంత సూటిగా లేవు.

ముందుగా ఉప్పు సంగతి. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నేలలోని ఉప్పును విద్యుత్ వాహకతతో కొలిచే పద్ధతిలో మీటరుకు 4 డెసీసీమెన్లు దాటిన నేలను చౌడు నేలగా లెక్కిస్తారు. సముద్రజలం వాహకత 50 దగ్గర ఉంటుంది. వరి దిగుబడి 3 దాటగానే పడిపోవడం మొదలవుతుంది. కాకినాడ దగ్గర 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యం సుమారు 235 చదరపు కిలోమీటర్లలో విస్తరించింది. అక్కడి తెల్ల మడ, నల్ల మడ, ఉప్పు పొన్న, తిల్ల, కళింగ చెట్లు రోజుకు రెండుసార్లు పోటు నీటిలో మునిగి తేలుతూ బతుకుతాయి. భూమి మీది పుష్పించే మొక్కల్లో ఇంతటి ఉప్పులో జీవితచక్రాన్ని పూర్తి చేయగలవి ఒక శాతానికి మించవని అంచనా.

ఈ మొక్కల సొంత నేర్పును తక్కువ చేయనక్కర్లేదు. వేర్ల లోపలి పొరలు నీటితో పాటు వచ్చే ఉప్పులో అత్యధిక భాగాన్ని బయటే నిలిపివేస్తాయి. లోపలికి చేరిన సోడియంను మొక్క తన కణాల్లోని రిక్తికలు అనే సంచుల్లో బంధించి, ఎంజైములు పనిచేసే కణద్రవ్యానికి దూరంగా ఉంచుతుంది. తెల్ల మడ, నల్ల మడ చెట్ల ఆకుల మీద ఉప్పును బయటికి నెట్టే గ్రంథులుంటాయి. ఎండ రోజుల్లో ఆకు మీద ఆ స్ఫటికాలు కంటికే కనిపిస్తాయి. ఇవన్నీ జన్యువుల్లో రాసి ఉన్న గుణాలు. కాబట్టి సూక్ష్మజీవులే చెట్టును బతికిస్తున్నాయని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కానీ అదే చెట్టు మొలకగా ఉన్నప్పుడు, బురదలో గాలి ఆడనప్పుడు, నత్రజని కరువైనప్పుడు, సూక్ష్మజీవులు తోడుంటే ఒక రకంగానూ, లేకపోతే మరో రకంగానూ పెరుగుతుందన్నది కొట్టిపారేయలేని విషయం.

మొక్క లోపల, దానికి జబ్బు చేయకుండా నివసించే ఈ జీవులను ఎండోఫైట్లు అంటారు. 1866లో జర్మన్ శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ ఈ పేరును వాడుకలోకి తెచ్చాడు. వీటిలో చాలా భాగం చుట్టుపక్కల మట్టి, నీటి నుంచే వస్తాయి. పక్క వేరు పుట్టేటప్పుడు ఏర్పడే చీలిక వాటికి మొదటి వాకిలి. శిలీంధ్రాల బీజాలు ఆకు మీద వాలి పత్రరంధ్రాల గుండా లోపలికి తీగ సాగిస్తాయి. కొన్ని విత్తనంతో పాటే తల్లి మొక్క నుంచి పిల్ల మొక్కకు అందుతాయి. ఉప్పు పొన్నలో గింజ చెట్టు మీదే మొలకెత్తి, పొడవైన మొలకగా ఎదిగిన తరువాత బురదలో పడుతుంది గనుక, అది నేలను తాకకముందే తల్లి నుంచి ఎన్ని సూక్ష్మజీవులను వెంట తెచ్చుకుంటుందన్నది ఎంతో ఆసక్తికరమైన ప్రశ్న.

ఇక్కడ సహజంగానే ఒక సందేహం కలుగుతుంది. ఆవకాయలో ఉప్పు సరిపడా వేసేది బూజు పట్టకుండా ఉండడానికే కదా. ఉప్పు సూక్ష్మజీవి కణంలోని నీటిని బయటికి లాగేసి దాన్ని పెరగనివ్వదు. మరి ఉప్పు నిండిన మొక్కలో ఇవి ఎలా బతుకుతున్నాయి? అతి లవణీయ నీటిలో బతికే కొన్ని జీవులు కణం లోపల కూడా పొటాషియం లవణాలను నింపుకుని బయటి ఉప్పుకు సమతూకం సాధిస్తాయి. మొక్కల్లోని ఎండోఫైట్లు ఎక్కువగా మరో దారి పట్టాయి. ప్రోలీన్, గ్లైసిన్ బీటైన్, ట్రెహలోజ్, ఎక్టోయిన్ వంటి చిన్న అణువులను కణంలో కూడబెట్టుకుంటాయి. అవి ఎంజైములకు హాని చేయకుండా నీటిని పట్టి ఉంచుతాయి. మొక్కలూ ఒత్తిడిలో ప్రోలీన్, బీటైన్ వంటి వాటినే తయారు చేసుకుంటాయి. ఒకే కష్టానికి రెండు వేర్వేరు జీవకోటులు ఒకే రసాయన మార్గాన్ని ఎంచుకోవడం వల్ల ఒకరి సరుకు మరొకరికి పనికివచ్చే వీలు ఏర్పడింది.

తీరపు బురదలో బాధ ఉప్పుతోనే ముగియదు. పైపొర నుంచి కొద్ది మిల్లీమీటర్ల లోతులోనే ప్రాణవాయువు అయిపోతుంది. సముద్రజలంలో సల్ఫేటు పుష్కలంగా ఉంటుంది కాబట్టి, ప్రాణవాయువు లేని చోట దాన్ని శ్వాసకు వాడుకునే బాక్టీరియా రాజ్యమేలుతాయి. వాటి వ్యర్థంగా వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ వేర్లకు విషం. మడ బురదను కదిపితే వచ్చే కుళ్లిన గుడ్డు వాసన దానిదే. అమెరికా అట్లాంటిక్ తీరపు ఉప్పు చిత్తడుల్లో పెరిగే స్పార్టినా గడ్డి వేర్లలో సల్ఫైడ్‌ను ఆక్సీకరించే బాక్టీరియా గుంపులను ఇటీవలి సంవత్సరాల్లో గుర్తించారు. అవి విషాన్ని విరగ్గొట్టి శక్తిని పొందడమే గాక, ఆ శక్తితో గాలిలోని నత్రజనిని స్థిరీకరించే, అంటే మొక్కకు పనికివచ్చే రూపంలోకి మార్చే, జన్యువులను కూడా కలిగి ఉన్నాయి. ఉప్పు ఓర్పును సోడియం లెక్కగా మాత్రమే చూసే ప్రయోగాలు ఎందుకు చాలవో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. కుండీలో సోడియం క్లోరైడ్ నీళ్లు పోసి పరీక్షించిన సూక్ష్మజీవికి మెగ్నీషియం, సల్ఫేటు, సల్ఫైడ్, పోటుపాటు ఉన్న అసలు బురద తెలియదు.

ఈ జీవులు మొక్కకు చేసే మేళ్ల జాబితా పాఠ్యపుస్తకాల్లో పొడవుగా ఉంటుంది: వేర్లను సాగదీసే ఆక్సిన్ అనే హార్మోన్ తయారీ, భాస్వరాన్ని కరిగించడం, ఇనుమును పట్టి తెచ్చే అణువులు, సోడియంను బంధించే జిగురు పొరలు. వీటిలో చాలా వరకు పరీక్షనాళికలో చూసిన గుణాలే. మొక్కలో అవి ఎంత మేర జరుగుతాయన్నది వేరే లెక్క. రెండు మార్గాలు మాత్రం గట్టి ఆధారాల మీద నిలిచాయి. మొదటిది ఎథిలీన్ అనే వాయు హార్మోన్‌కు సంబంధించినది. ఉప్పు తగిలినా, వేర్లు నీట మునిగినా మొక్క ఎథిలీన్‌ను ఎక్కువగా తయారు చేస్తుంది. అది మోతాదు మించితే వేరు ఎదుగుదల ఆగి, ఆకులు ముందే రాలిపోతాయి. ఆ ఎథిలీన్‌కు ముడిసరుకు ఏసీసీ అనే అమైనో ఆమ్లం. దాన్ని అమ్మోనియాగానూ, ఆల్ఫా కీటోబ్యూటిరేట్‌గానూ విడగొట్టే ఎంజైము కొన్ని బాక్టీరియాలో ఉందని 1978లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. బాక్టీరియా తన నత్రజని ఆహారం కోసం ఏసీసీని తింటుంది. ఆ తినడం వల్లే మొక్కలో ఎథిలీన్ తగ్గుతుంది. ఎవరి స్వార్థం వారిదైనా ఇద్దరికీ లాభం కలిగే ఈ ఏర్పాటు ఉప్పు నేలల ఎండోఫైట్లలో తరచుగా కనిపిస్తుంది.

రెండో మార్గం మరింత లోతైనది, వరికి మరింత దగ్గరైనది. హెచ్‌కేటీ అనే ప్రోటీన్ల కుటుంబం మొక్కలో సోడియం ఎక్కడికి చేరాలో నిర్ణయిస్తుంది. వేరు నుంచి పైకి పోతున్న సోడియంను నాళాల్లోనే వెనక్కి లాగి, ఆకులకు అందకుండా చూడడం దీని ముఖ్యమైన పని. 2005లో నోనా బొక్రా అనే ఉప్పు ఓర్చే వరి రకంలో గుర్తించిన ఎస్‌కేసీ1 జన్యువు ఈ కుటుంబానిదే. 2008లో వెలువడిన మరో పరిశోధనలో బాసిల్లస్ సబ్టిలిస్ జీబీ03 అనే బాక్టీరియా, అరబిడాప్సిస్ మొక్కను తాకకుండానే, తాను వదిలే ఆవిరి పదార్థాలతోనే హెచ్‌కేటీ1 జన్యువు చురుకును వేర్లలో తగ్గించి, పై భాగంలో పెంచింది. మొక్కలో సోడియం తగ్గింది. ఆ జన్యువు పనిచేయని మొక్కల్లో ఈ మేలు కనిపించలేదు. జన్యు పరిశోధకులు ఏళ్ల తరబడి సంకరణాలు చేసి సాధించదలచిన మార్పునే, పక్కన నివసించే ఒక సూక్ష్మజీవి మరో దారిలో మొక్క చేత చేయించగలదన్నమాట. ఇది మట్టి బాక్టీరియా, ప్రయోగశాల మొక్క. మడ అడవికి దీన్ని నేరుగా అన్వయించకూడదు. కానీ మొక్క జన్యువుకూ, సూక్ష్మజీవికీ మధ్య గోడ లేదని దీనికంటే స్పష్టంగా చూపిన ప్రయోగాలు తక్కువ.

ఉప్పు ఓర్పు మొక్కదా, తోడుదా అన్న ప్రశ్నను ముఖాముఖిగా అడిగినది రస్టీ రోడ్రిగెజ్ బృందం. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో ఇసుక దిబ్బల మీద పెరిగే లైమస్ మోలిస్ అనే గడ్డిలో ఫ్యుజేరియం కల్మోరమ్ అనే శిలీంధ్రం నివసిస్తుంది. శిలీంధ్రాన్ని తొలగించిన గడ్డి మొక్కలు తమ సొంత తీరపు ఉప్పునే తట్టుకోలేకపోయాయి. తిరిగి శిలీంధ్రాన్ని చేరిస్తే సముద్రజలానికి దగ్గరైన గాఢతలోనూ నిలిచాయి. 2008లో ప్రచురించిన ఈ పనిలో అంతకంటే విలువైన మరో ఫలితం ఉంది. అదే జాతి శిలీంధ్రాన్ని ఉప్పు లేని చోటు నుంచి తెచ్చి చేరిస్తే ఉప్పు ఓర్పు రాలేదు. వేడి నీటి బుగ్గల నేలలో పెరిగే గడ్డిలోని శిలీంధ్రం వేడిని తట్టుకునే శక్తినిచ్చింది, ఉప్పును తట్టుకునే శక్తిని ఇవ్వలేదు. తీరపు శిలీంధ్రం వరి, టమాటా మొక్కలకు కూడా ఉప్పు ఓర్పును అందించింది. జాతి పేరు ఒకటే అయినంత మాత్రాన గుణం ఒకటి కాదని, ఆ జీవి ఏ నేలలో ఎదిగిందో ఆ నేల దానిలో ముద్ర వేసుకుంటుందని దీని అర్థం. మన థార్ ఎడారి నుంచి 1990లలో వేరుచేసిన పిరిఫార్మోస్పోరా ఇండికా శిలీంధ్రం బార్లీకి ఉప్పు ఓర్పును పెంచిందని 2005లో జర్మన్ పరిశోధకులు చూపడం కూడా కఠినమైన నేలల నుంచే ఇలాంటి తోడు దొరుకుతుందన్న ఆలోచనకు బలం చేకూర్చింది.

తెలుగువారికి ఈ విషయం ఎక్కువగా తగలవలసిన చోటు మడ చెట్టు కంటే దాని పక్కన పెరిగే అడవి వరి. పోర్టరేసియా కోఆర్క్టేటా అని వృక్షశాస్త్రం పిలిచే ఈ గడ్డిని ఇప్పుడు వరి ప్రజాతిలోనే చేర్చి ఒరైజా కోఆర్క్టేటా అంటున్నారు. తూర్పు తీరపు నదీముఖాల్లో పోటు నీటిలో మునుగుతూ పెరిగే ఈ మొక్క ఆకుల మీది సూక్ష్మమైన నూగు ద్వారా ఉప్పును బయటికి పంపుతుంది. సాగు వరికి 24 క్రోమోజోములుంటే దీనికి 48. కాబట్టి సంకరం చేయడం చాలా కష్టం. తమిళనాడులోని పిచ్చావరం మడ ప్రాంతంలో ఈ గడ్డి వేర్ల నుంచి, కాండం నుంచి వేరుచేసిన ఒక బాక్టీరియాను 2004లో కొత్త ప్రజాతిగా ప్రకటించి, ఎం.ఎస్. స్వామినాథన్ పేరిట స్వామినాథానియా సాలిటాలరాన్స్ అని పేరు పెట్టారు. అది నత్రజనిని స్థిరీకరిస్తుంది, భాస్వరాన్ని కరిగిస్తుంది, 3 శాతం ఉప్పులోనూ పెరుగుతుంది. సంకరానికి లొంగని బంధువు నుంచి జన్యువు తేలేకపోయినా, దానిలో కాపురముంటున్న జీవిని తేగలమేమో అన్న ఆశ ఈ అధ్యయనంతో మొలకెత్తింది.

ఆ ఆశకు హైదరాబాద్ అవసరం ఉంది. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ దేశమంతటి వరి రకాల పరీక్షలను సమన్వయం చేస్తుంది. తీరపు చౌడును ఓర్చే రకాల ఎంపిక ఇప్పటిదాకా ప్రధానంగా మొక్క జన్యువుల ఆధారంగా సాగింది. ఒకే రకం వరి మచిలీపట్నం దగ్గర ఒకలా, మరో తీరంలో ఇంకోలా ఎందుకు ప్రవర్తిస్తుందని అడిగినప్పుడు నేల, నీరు, వాతావరణం లెక్కలోకి వస్తాయి. ఆ రకం వేర్లలో ఆ ఊరి నేల నుంచి ఎవరెవరు వచ్చి చేరారన్నదీ లెక్కలోకి రావాలి. తీరపు సూక్ష్మజీవుల వర్గీకరణలో ఈ నగరానికి అనుభవం లేకపోలేదు. హైదరాబాద్ పరిశోధకులు భీమిలి దగ్గరి ఉప్పునీటి చెరువు నుంచి వేరుచేసిన ఒక కిరణజన్య బాక్టీరియాకు 2007లో మారిక్రొమేషియం భీమ్లికమ్ అని పేరు పెట్టారు. అది మొక్కలో నివసించేది కాదు, నత్రజనిని స్థిరీకరించేదీ కాదు. కానీ తీరపు నమూనాను దూరపు ప్రయోగశాలలో పెంచి, గుర్తించి, పేరు పెట్టే నైపుణ్యం ఇక్కడ ఉందనడానికి అది నిదర్శనం.

ఇప్పుడు జాగ్రత్తల సంగతి. ఎండోఫైట్‌ను వేరు చేయాలంటే ముందుగా ఆకునో వేరునో ఆల్కహాల్, సోడియం హైపోక్లోరైట్‌లతో కడిగి పైనున్న జీవులను చంపాలి. చివరి కడుగు నీటిని కూడా పెంపక మాధ్యమం మీద పోసి, అందులో ఏదీ మొలవలేదని నిర్ధారించుకుంటేనే లోపలి నుంచి వచ్చినదాన్ని లోపలిదిగా నమ్మాలి. అలా పెంచగలిగేవి ఉన్నవాటిలో కొన్నే. మిగతావాటిని డీఎన్ఏ ద్వారా చదవవచ్చు. అయితే మొక్క హరితరేణువులు, మైటోకాండ్రియాలు పూర్వం బాక్టీరియా నుంచే పుట్టాయి కాబట్టి, బాక్టీరియాను గుర్తించడానికి 16ఎస్ అనే జన్యువును చదివే పరీక్షలో మొక్క సొంత డీఎన్ఏయే గుట్టగా వచ్చి పడుతుంది. నత్రజని స్థిరీకరణ జన్యువు దొరకడం వేరు, నత్రజని నిజంగా మొక్కకు అందడం వేరు. దాన్ని తేల్చాలంటే నత్రజని-15 అనే కాస్త బరువైన నత్రజని ఐసోటోపుతో జాడ తీయాలి. అంత దూరం వెళ్లని పరిశోధనా పత్రాల ఆధారంగా ఎరువు ఆదా లెక్కలు కట్టడం తొందరపాటు.

మరో చిక్కు కాలానికి సంబంధించినది. పిచ్చావరంలో రెండు ఉప్పు పొన్న జాతుల ఆకులను పరిశీలించిన చెన్నై పరిశోధకులు, వానాకాలంలో ఆకుల్లోని శిలీంధ్రాల సంఖ్య పెరుగుతుందని 1998లోనే నమోదు చేశారు. వాన బీజాలను మోసుకొస్తుంది, ఆకును తడిపి ఉంచుతుంది, ఉప్పును పలచబరుస్తుంది. కాబట్టి ఎండాకాలంలో ఒకసారి సేకరించిన నమూనాతో ఒక అడవి సూక్ష్మజీవులను వర్ణించడం సాధ్యం కాదు. ఇక్కడే మొదట చెప్పిన నదుల సంగతి ముందుకు వస్తుంది. కృష్ణా పరీవాహకంలో ఆనకట్టలు, ఎత్తిపోతలు, నగరాల అవసరాలు పెరిగిన కొద్దీ సముద్రానికి చేరే మంచినీరు, ఒండ్రుమట్టి బాగా తగ్గాయి. మంచినీటి రాక తగ్గితే బురదలో ఉప్పు పెరుగుతుందని, ఉప్పును అంతగా ఓర్వని చెట్లు వెనుకపడతాయని మనం చెప్పుకుంటాం. వాటితో పాటే వాన తడికీ, పలచని ఉప్పుకూ అలవాటుపడిన అంతర్గత జీవజాలమూ మారుతుందని అనుకోవడం న్యాయమైన ఊహ. దాన్ని కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో ఋతువుల వారీగా, ఏళ్ల తరబడి కొలిస్తే తప్ప ఆ ఊహ నిజమో కాదో తేలదు. అలాంటి కొలతకు మొదటి ఏడాది నుంచే విలువ ఉంటుంది, ఎందుకంటే పోల్చడానికి ఆధారం అప్పుడే ఏర్పడుతుంది.

దేశంలో ఉప్పు, క్షార సమస్య ఉన్న నేల సుమారు 67 లక్షల హెక్టార్లు. ఈ అంకెను చూడగానే సీసాలో సూక్ష్మజీవిని నింపి అమ్మాలన్న ఉత్సాహం కలగడం సహజం. జీవన ఎరువులను 2006లో, జీవ ఉత్తేజకాలను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చారు. నాణ్యతకు కనీస చట్రమంటూ ఉంది. కానీ పొలంలో వేసిన బాక్టీరియా అప్పటికే అక్కడున్న కోట్లాది స్థానిక జీవులతో పోటీ పడాలి, ఎండిన నేలలో నిల్వ ఉండాలి, సరైన సమయంలో వేరును చేరాలి. కుండీలో గెలిచిన చాలా జీవులు ఇక్కడే ఓడిపోతాయి. ఎండోఫైట్లుగా నివేదించే కొన్ని ప్రజాతుల్లో మనుషులకు రోగం తెచ్చే జాతులూ ఉన్నాయి గనుక, పొలానికి వదిలే ముందు ఆ పరీక్ష తప్పనిసరి. అన్నిటికంటే ముఖ్యంగా, మురుగు నీరు పోయే కాలువ పూడిన పొలానికి, చుట్టూ రొయ్యల చెరువుల ఉప్పునీరు ఊరుతున్న పొలానికి ఏ సూక్ష్మజీవీ మందు కాదు. నీటిని బయటికి పంపి, మంచినీటితో ఉప్పును కడిగిన తరువాత మిగిలే ఒత్తిడిని తగ్గించడం వరకే దీని పాత్రను ఊహించడం సబబు.

మడ అడవుల పునరుద్ధరణలో మాత్రం ఈ జ్ఞానం త్వరగా అక్కరకు రాగలదు. నర్సరీలో శుభ్రమైన మట్టి, మంచినీటితో పెంచిన మొక్కను ఒక్కసారిగా పోటు నీటిలో నాటినప్పుడు అది తన వెంట తీసుకువెళ్లే సూక్ష్మజీవులు నర్సరీవే గాని తీరానివి కావు. సంచుల్లో నింపే మట్టిలో కొంత భాగం నాటబోయే చోటి పాత చెట్ల మొదలు దగ్గరి బురదను కలిపితే మొక్క బతికే శాతం పెరుగుతుందేమో పరీక్షించడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మూడు వరుసలు చాలు: ఒకటి మామూలు మట్టితో, ఒకటి ఆ బురదతో, మూడోది అదే బురదను ఆవిరిలో ఉడికించి జీవులను చంపిన తరువాత కలిపినది. మూడో వరుస లేకపోతే మేలు చేసింది జీవులా, బురదలోని పోషకాలా అన్నది తేలదు. వరి పొలంలో జీవన ఎరువును పరీక్షించేటప్పుడు కూడా చచ్చిన జీవులు వేసిన మడి పక్కనే ఉండాలి.